పెట్టుబడి సాయం ఖాతాలో పడలేదా? ఎక్కడ ఆగిందో ఇలా తెలుసుకోండి



పీఎం కిసాన్ విడత విడుదలైన మరుసటి రోజు పొద్దున ఏ రైతు సేవా కేంద్రం ముందు చూసినా పదిమంది నిలబడి ఉంటారు. అందరిదీ ఒకటే మాట: "సార్, పక్కింటాయనకు పడింది, నాకు పడలేదు." కొందరు కోపంగా వస్తారు. కొందరు తమదే ఏదో తప్పని భయపడుతూ వస్తారు. పేరు తీసేశారేమోనని అడిగేవాళ్లూ ఉంటారు.

ఒక విషయం మొదటే చెప్పాలి. ఈ డబ్బు గ్రామ వ్యవసాయ సహాయకుడి చేతిలోనుంచి గానీ, మండల వ్యవసాయాధికారి చేతిలోనుంచి గానీ రాదు. ప్రభుత్వ ఖాతా నుంచి నేరుగా మీ ఆధార్ నంబరు ఆధారంగా మీ బ్యాంకు ఖాతాకు వెళుతుంది. దారిలో భూమి రికార్డు, ఈ-కేవైసీ, బ్యాంకు, అర్హత పరిశీలన అని నాలుగు చోట్ల ఆగే అవకాశం ఉంది. ఒక్కొక్కటీ ఒక్కో కార్యాలయం పని. బ్యాంకులో ఆగినదానికి తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగినా, భూమి రికార్డులో ఆగినదానికి బ్యాంకు మేనేజరును అడిగినా పని జరగదు. చాలామంది రైతులు పోగొట్టుకుంటున్నది ఈ తిరుగుళ్లలోనే. కూలి పోతుంది, ఆటో ఛార్జీ పోతుంది, చివరకు విసుగొచ్చి వదిలేస్తారు. అందుకని ఎక్కడ ఆగిందో ముందు తెలుసుకుని, ఆ తరువాతే ఇంట్లోంచి బయలుదేరండి.

ఏ డబ్బు ఎక్కడిది

పీఎం కిసాన్ కేంద్ర ప్రభుత్వ పథకం. 2019 ఫిబ్రవరి 24న మొదలైంది. ఏడాదికి 6,000 రూపాయలు, నాలుగు నెలలకు ఒకసారి 2,000 చొప్పున మూడు విడతలు. ఏప్రిల్ నుంచి జులై ఒకటి, ఆగస్టు నుంచి నవంబరు రెండోది, డిసెంబరు నుంచి మార్చి మూడోది. మొదట్లో రెండు హెక్టార్లలోపు భూమి ఉన్నవారికే అన్నారు, 2019 జూన్ నుంచి ఆ పరిమితి తీసేశారు. ఎకరం ఉన్నా, పదెకరాలున్నా సాయం ఒకటే.

ఆంధ్రప్రదేశ్‌లో దీనికి తోడు రాష్ట్ర ప్రభుత్వ సాయం ఉంది. ఇప్పుడున్నది అన్నదాత సుఖీభవ. కేంద్రం ఇచ్చే 6,000, రాష్ట్రం ఇచ్చే 14,000 కలిపి ఏడాదికి 20,000. తొలి విడత 2025 ఆగస్టు 2న విడుదలైంది, రాష్ట్రం వాటా 5,000, కేంద్రం వాటా 2,000. రెండోసారి కూడా అంతే, మూడోసారి రాష్ట్రం 4,000, కేంద్రం 2,000 అన్నది లెక్క.

7,000 అని పేపర్లో చదివి, ఫోనుకు 5,000 అని మెసేజ్ వస్తే మిగతా 2,000 ఎవరో తినేశారనుకున్నవాళ్లు నాకు తెలుసు. ఆ రెండూ వేర్వేరు ప్రభుత్వాల నుంచి వేర్వేరుగా జమవుతాయి. ఒకటి పడి ఇంకొకటి పడకపోవడమూ జరుగుతుంది. కాబట్టి ఫిర్యాదు చేసేటప్పుడు "డబ్బులు పడలేదు" అనకుండా, రాష్ట్రానిదా కేంద్రానిదా ఏది పడలేదో చెప్పండి. పాస్‌బుక్‌లో ఎంట్రీ వేయించుకుని వస్తే సగం పని అయినట్టే.

ముందు స్టేటస్ చూడండి

పీఎం కిసాన్ వెబ్‌సైట్‌లో "నో యువర్ స్టేటస్" అనే చోట మీ రిజిస్ట్రేషన్ నంబరు కొట్టి, ఫోనుకు వచ్చిన ఓటీపీ ఇస్తే మీ వివరాలు వస్తాయి. రిజిస్ట్రేషన్ నంబరు తెలియకపోతే అక్కడే ఫోన్ నంబరుతో గానీ, ఆధార్ నంబరుతో గానీ తెలుసుకోవచ్చు. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే రెండు నిమిషాల పని. లేకపోతే రైతు సేవా కేంద్రంలో చూసి చెబుతారు, దానికి రుసుము లేదు.

ఆ పేజీలో మూడు మాటలు వెతకండి. ల్యాండ్ సీడింగ్, ఈ-కేవైసీ, ఆధార్ బ్యాంక్ అకౌంట్ సీడింగ్. మూడింటి పక్కనా "ఎస్" అని ఉండాలి. ఏది "నో" అని ఉంటే అదే మీ సమస్య. ల్యాండ్ సీడింగ్ "నో" అయితే వీఆర్వో దగ్గరకు, తహసీల్దారు కార్యాలయానికి వెళ్లాలి. ఈ-కేవైసీ అయితే రైతు సేవా కేంద్రం. మూడోది అయితే బ్యాంకు, అది మీ ఖాతా ఉన్న బ్రాంచి మాత్రమే.

మూడూ "ఎస్" ఉండి డబ్బు రాలేదంటే కింద విడతల వివరం చూడండి. "ఎఫ్‌టీఓ జనరేటెడ్" అని ఉంటే చెల్లింపు ఆదేశం తయారైంది, కొన్ని రోజులు ఆగాలి. ఖాతా కారణంగా తిరస్కరించారని ఉంటే బ్యాంకుకు వెళ్లాలి. ఇవేవీ కాకుండా అనర్హులని రాసి ఉంటే అది వేరే కథ, కింద చెబుతాను.

అన్నదాత సుఖీభవకు వేరే వెబ్‌సైట్ ఉంది, అందులో ఆధార్ నంబరుతో స్టేటస్ కనిపిస్తుంది. అర్హుల జాబితా కూడా రైతు సేవా కేంద్రంలో ఉంటుంది.

భూమి రికార్డు దగ్గర ఆగితే

ఇక్కడ ఆగినవే ఎక్కువ, తేలడానికి ఎక్కువ కాలం పట్టేవీ ఇవే.

చిన్నవాటితో మొదలుపెడతాను. 1బీలో మీ ఖాతాకు వేరే ఎవరిదో ఆధార్ నంబరు ఎక్కి ఉండవచ్చు. ఒక్క అంకె తప్పు పడినా మీ భూమి కంప్యూటరులో ఇంకొకరిది అవుతుంది. పేరు ఆధార్‌లో ఇంటిపేరుతో సహా ఉండి, 1బీలో ఇంటిపేరు లేకుండానో, తండ్రి పేరు తప్పుగానో ఉండటం ఇంకొకటి. రీసర్వే జరిగిన ఊళ్లలో పాత సర్వే నంబర్లు పోయి ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. కొన్నిచోట్ల ఇద్దరు ముగ్గురి భూమి కలిపి ఉమ్మడి ఎల్‌పీఎం పడింది. ఇలాంటివన్నీ సరిచేయాల్సింది రెవెన్యూ వారే. మీభూమి వెబ్‌సైట్‌లో మీ 1బీ, అడంగల్ చూసుకుని, ప్రింటు తీసి, తప్పు ఉన్నచోట గీత గీసి, ఆధార్ జిరాక్సు జతచేసి అర్జీ ఇవ్వండి. నోటిమాటతో చెప్పి రావద్దు. అర్జీకి నంబరు తీసుకోండి, ఆ నంబరు లేకుండా తరువాత ఎవరినీ అడగలేరు.

ఇక పెద్ద విషయం, పట్టాదారు చనిపోయిన ఇళ్లు.

నేను మండలంలో పనిచేసినప్పుడు ఒకామె వచ్చింది. భర్త చనిపోయి రెండేళ్లు దాటింది. ఎకరంన్నర మెట్ట, కంది, పక్కన కొంచెం మిరప. భర్త పోయాక కూడా ఒకటి రెండు విడతలు ఆయన ఖాతాలో పడ్డాయి, కొడుకు ఏటీఎం కార్డుతో తీసుకున్నాడు. తరువాత ఈ-కేవైసీకి వేలిముద్ర కావాలన్నారు, వేలిముద్ర వేసే మనిషి లేడు, డబ్బు ఆగిపోయింది. "ఆయన పేరు మీదే ఉంది కదా సార్, నా వేలిముద్ర తీసుకోండి" అని అడిగింది. ఆమె తప్పేమీ లేదు, ఎవరూ చెప్పలేదు. భూమి ఇంకా చనిపోయిన మనిషి పేరునే ఉంది. ఆ రెండేళ్లలో ఆమెకు పోయింది కేంద్రం వాటా ఒక్కటే లెక్కేసుకున్నా ఆరు విడతలు, 12,000 రూపాయలు. కొడుకు తీసుకున్న విడతలు తిరిగి కట్టాల్సినవి. ఎకరంన్నర కందిలో అంత మిగలని ఏళ్లు ఎన్నో ఉంటాయి.

చనిపోయినవారి పేరున పడిన డబ్బు వారసుల హక్కు కాదు. అది వెనక్కి అడుగుతారు. భూమి మాత్రం వారసుల హక్కు, ఆ భూమి మీద సాయం పొందడమూ వారి హక్కే. కాకపోతే తమ పేరున మళ్లీ నమోదు చేసుకోవాలి. నమోదు చేసుకున్న విడత కాలం నుంచే డబ్బు వస్తుంది, గడిచిపోయిన కాలానికి ఇవ్వరు. అందుకే ఇక్కడ ఆలస్యం చేసిన ప్రతి నాలుగు నెలలకూ 2,000 పోయినట్టే. రాష్ట్రం వాటా అదనం.

చేయాల్సింది ఇది. మనిషి పోయిన 21 రోజుల్లోపు మరణం నమోదు చేయించండి, ఆ గడువులో రుసుము ఉండదు. ఆలస్యమైతే అఫిడవిట్లు, అనుమతులు అంటూ పని పెరుగుతుంది. మరణ ధ్రువపత్రం తీసుకున్నాక తహసీల్దారు కార్యాలయం నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకోవాలి. ఆ రెండూ, పాత పాస్‌బుక్, వారసులందరి ఆధార్ కార్డులు పెట్టి మీసేవలో గానీ, గ్రామ సచివాలయంలో గానీ మ్యుటేషన్‌కు దరఖాస్తు చేయాలి. 1బీలో పేరు మారాక రైతు సేవా కేంద్రానికి వచ్చి పీఎం కిసాన్‌కు కొత్తగా నమోదు చేసుకోవాలి. కొత్త నమోదుకు ఇప్పుడు రైతు రిజిస్ట్రీలో ఇచ్చే ఫార్మర్ ఐడీ కూడా అడుగుతున్నారు, అదీ అక్కడే చేస్తారు.

"అన్నదమ్ముల మధ్య పంపకాలు తేలలేదు, అందుకే ఆగాం" అని చాలామంది అంటారు. పంపకాలు తేలేదాకా పాసుబుక్కు పోయినవాళ్ల పేరుతోనే ఉంచాల్సిన పని లేదు. అందరూ ఒప్పుకుంటే వారసులందరి పేర్లతో ఉమ్మడిగా ఎక్కించుకోవచ్చు, లేదా తల్లి పేరున ఎక్కించవచ్చు. ఇంట్లో తల్లి బతికి ఉన్నప్పుడు ఆమె పేరున పెట్టడమే మంచిదని నా అభిప్రాయం. కొడుకులు విడిపోయినా ఆమెకంటూ ఏడాదికి కొంత డబ్బు చేతికి వస్తుంది. ఆడపిల్లల సంతకాల దగ్గర చాలా ఇళ్లలో పని ఆగిపోతుంది. వాళ్లూ వారసులే, దాచిపెట్టి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకోవాలని చూడకండి, తరువాత మొత్తం రద్దవుతుంది.

ఇంకొక మెలిక ఉంది. పీఎం కిసాన్‌లో 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి ఎవరి పేరున ఉందన్నది ఆధారం. ఆ తేదీ తరువాత కొనుక్కున్న భూమికి, తండ్రి బతికుండగానే కొడుకు పేరున రాసిచ్చిన భూమికి ఆ సాయం ఇవ్వడం లేదు. తండ్రి చనిపోయాక వారసత్వంగా వచ్చిన భూమికి మాత్రం ఈ తేదీ అడ్డం కాదు. కొడుకుకు సాయం వస్తుందని తొందరపడి గిఫ్టు డీడు రాయించి, తనకు వచ్చేదీ పోగొట్టుకున్న పెద్దాయనలు ఉన్నారు. భూమి రాసివ్వడానికి వేరే కారణాలుంటే రాసివ్వండి, ఈ 6,000 కోసమైతే వద్దు.

తెల్ల కాగితం మీద రాసుకుని కొన్న భూములకు రికార్డులో పేరు లేనంతవరకు ఏ పథకమూ రాదు. డీ-పట్టాలు, అటవీ హక్కు పత్రాలు ఉన్నవారికి మాత్రం అవకాశం ఉంది. వారి వివరాలు కంప్యూటరులో ఎక్కాయో లేదో విడిగా చూసుకోవాలి.

ఈ-కేవైసీ

ఇది తేలికగా అయ్యేది. ఆధార్‌కు ఫోన్ నంబరు ఉంటే ఓటీపీతో ఇంట్లోనే చేసుకోవచ్చు. లేకపోతే రైతు సేవా కేంద్రంలోనో, కామన్ సర్వీస్ సెంటర్లోనో వేలిముద్రతో చేస్తారు. పార పట్టి, నాట్లు వేసి వేలిగీతలు అరిగిపోయినవారికి పీఎం కిసాన్ యాప్‌లో ముఖం చూపించి చేసే పద్ధతి 2023 నుంచి ఉంది. ముసలివాళ్లకు, మంచం పట్టినవాళ్లకు ఇంటికి వెళ్లి చేయమని మీ గ్రామ వ్యవసాయ సహాయకుణ్ని అడగండి.

పీఎం కిసాన్ ఈ-కేవైసీ వేరు, ఈ-పంటలో వేసే వేలిముద్ర వేరు. ఒకటి చేస్తే ఇంకొకటి అయినట్టు కాదు.

బ్యాంకులో ఆగితే

"నా ఖాతాకు ఆధార్ లింకు అయ్యే ఉంది సార్" అని ప్రతి ఒక్కరూ చెబుతారు. నిజమే, అయ్యే ఉంటుంది. కానీ ఖాతాకు ఆధార్ జతచేయడం ఒకటి, ప్రభుత్వ సాయం ఆ ఖాతాకే రావాలని ఎన్‌పీసీఐ జాబితాలో నమోదవడం ఇంకొకటి. ఒక ఆధార్‌ను ఎన్ని బ్యాంకుల్లోనైనా జతచేయవచ్చు. సాయం వచ్చేది మాత్రం వాటిలో ఒక్కదానికే. చివరగా ఏ బ్యాంకులో సీడింగ్ చేశారో ఆ బ్యాంకుకే పోతుంది.

అందుకని "పడలేదు" అన్న డబ్బు కొన్నిసార్లు పడే ఉంటుంది, మీరు మరచిపోయిన ఖాతాలో. సెల్ రీచార్జి కొట్టులో వేలిముద్ర వేయించుకుని తెరిచిన పేమెంట్స్ బ్యాంకు ఖాతా, ఉపాధి హామీ కూలి కోసం పోస్టాఫీసులో తెరిచిన ఖాతా, డ్వాక్రా సంఘం అప్పుకోసం ఇంకో బ్యాంకులో తెరిచిన ఖాతా. ఆధార్ సంస్థ వారి మై ఆధార్ వెబ్‌సైట్‌లో "బ్యాంక్ సీడింగ్ స్టేటస్" అనే చోట చూస్తే ప్రస్తుతం ఏ బ్యాంకు ఉందో, అది యాక్టివ్‌గా ఉందో లేదో తెలుస్తుంది. ఖాతా నంబరు పూర్తిగా కనపడకపోయినా బ్యాంకు పేరు కనిపిస్తుంది, అది చాలు. ఆ బ్యాంకుకు పోయి చూస్తే ఏడాది డబ్బు అంతా అక్కడే పేరుకుని ఉన్నవాళ్లను చూశాను.

మీకు కావలసిన ఖాతాకు మార్చుకోవాలంటే ఆ బ్రాంచికి వెళ్లి, "ప్రభుత్వ సాయం కోసం ఎన్‌పీసీఐలో ఆధార్ సీడింగ్ చేయండి" అని ఈ మాటే చెప్పండి. సమ్మతి పత్రం నింపి సంతకం పెట్టాలి. వట్టి "ఆధార్ లింకు చేయండి" అంటే కౌంటరులో కంప్యూటర్ చూసి "ఆల్‌రెడీ అయిపోయింది" అని పంపించేస్తారు. పత్రం తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి. నాలుగైదు రోజుల తరువాత మళ్లీ మై ఆధార్‌లో చూసుకుంటే మారిందో లేదో తెలిసిపోతుంది.

రెండేళ్లకు మించి మీరు ఏ లావాదేవీ చేయని ఖాతా పనిచేయని ఖాతాల్లోకి వెళ్లిపోతుంది. కేవైసీ పత్రాలు ఇచ్చి మళ్లీ తెరిపించుకోవాలి. 2025 మే 1 నుంచి మన రాష్ట్రంలోని గ్రామీణ బ్యాంకులన్నీ ఒక్కటై ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. పాత పాస్‌బుక్కులున్నవారు ఒకసారి బ్రాంచికి వెళ్లి ఖాతా వివరాలు సరిచూసుకోవడం మంచిది. సీడింగ్ ఎప్పుడూ పొదుపు ఖాతాకే చేయించుకోండి, పంట రుణం ఖాతాకు వద్దు.

అనర్హులని వస్తే

పీఎం కిసాన్‌లో కుటుంబం అంటే భర్త, భార్య, మైనరు పిల్లలు. భార్యాభర్తలిద్దరి పేరునా భూమి ఉన్నా ఒకరికే సాయం. ఇద్దరికీ పడుతున్న ఇళ్లను ఇప్పుడు పరిశీలిస్తున్నారు, అలాంటి వారు తామే ముందుకొచ్చి ఒక పేరు వదులుకోవడం మేలు. పెళ్లయి విడిగా ఉంటూ, 1బీలో తన పేరున భూమి ఉన్న కొడుకుది వేరే కుటుంబం.

కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, ఉద్యోగ విరమణ చేసినవారు అర్హులు కారు, నాలుగో తరగతి ఉద్యోగులకు మినహాయింపు ఉంది. నెలకు 10,000 లేదా అంతకన్నా ఎక్కువ పింఛను తీసుకునే విశ్రాంత ఉద్యోగులు, ప్రాక్టీసు చేస్తున్న డాక్టర్లు, లాయర్లు, ఇంజినీర్లు, చార్టర్డ్ అకౌంటెంట్లు, మంత్రులు, ఎంపీలు, ఎమ్మెల్యేలు కూడా కారు. కిందటి మదింపు సంవత్సరంలో ఆదాయపన్ను కట్టినవారూ కారు.

ఈ ఆదాయపన్ను దగ్గరే గందరగోళం. ట్రాక్టరు లోనుకో, పిల్లవాడి చదువు లోనుకో ఎవరో చెప్పారని రిటర్ను వేస్తారు. నిబంధనలో ఉన్నది పన్ను కట్టినవారు అని, రిటర్ను వేసినవారు అని కాదు. పన్ను సున్నా అని ఉన్న రిటర్ను మీద మీ పేరు ఆగి ఉంటే ఆ రిటర్ను రసీదు కాపీ తీసుకుని మండల వ్యవసాయాధికారి దగ్గర అర్జీ పెట్టండి. తప్పుడు కారణంతో ఆగినవాటికి ఫిర్యాదు నమోదు చేసే ఏర్పాటు రైతు సేవా కేంద్రంలో ఉంది. బతికున్న మనిషిని చనిపోయినట్టు రాసిన సందర్భాలు కూడా అక్కడే సరిచేయించాలి. ఇలాంటివాటిలో మనిషి స్వయంగా ఆధార్‌తో రావాలి.

నిజంగా అనర్హులై ఉండి డబ్బు తీసుకుంటూ ఉంటే ఇప్పుడే ఆపుకోండి. వెబ్‌సైట్‌లో స్వచ్ఛందంగా వదులుకునే అవకాశం, తీసుకున్నది ఆన్‌లైన్‌లో తిరిగి కట్టే అవకాశం రెండూ ఉన్నాయి. నోటీసు వచ్చాక ఒకేసారి కట్టడం కష్టం.

కౌలు రైతులకు

కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ కౌలుదారుకు రాదు, భూమి పేరున ఉన్నవారికే వస్తుంది. ఇది మంచి నిబంధన అని నేను అనను. మా మండలంలో వరి చేలో దిగేది ఎక్కువగా కౌలు రైతులే, ఎరువు అప్పు తెచ్చేదీ వాళ్లే. కానీ ఉన్న నిబంధన ఇది. కౌలు రైతుకు దారి రాష్ట్ర పథకంలోనే ఉంది, దానికి పంట సాగుదారు హక్కు పత్రం, అంటే సీసీఆర్సీ కార్డు, ఈ-పంట నమోదు ఉండాలి.

కార్డు 2019 చట్టం ప్రకారం ఇస్తారు. 11 నెలలకు చెల్లుతుంది, ప్రతి ఏడూ కొత్తగా తీసుకోవాలి. భూమి యజమాని సంతకం కావాలి, అక్కడే అంతా ఆగుతుంది. యజమాని భయం ఏమిటంటే సంతకం పెడితే భూమి మీద కౌలుదారుకు హక్కు వస్తుందని, తన పీఎం కిసాన్ పోతుందని. కార్డుతో వచ్చేది ఆ పంట మీద హక్కే, భూమి మీద కాదు. యజమాని పీఎం కిసానూ దానివల్ల పోదు. భూమి యజమానులు కూడా ఇది చదువుతుంటే ఈ మాట గుర్తుంచుకోండి. కౌలు రైతులు మాట్లాడటానికి సమయం చూసుకోవాలి. కౌలు డబ్బు చేతిలో పెట్టే రోజునే, పత్రం ముందు పెట్టి సంతకం అడగండి. నాట్లు అయిపోయాక అడిగితే చేసేవారు తక్కువ.

కార్డు దొరకకపోయినా ఈ-పంటలో సాగుదారుగా మీ పేరు ఎక్కించుకోవడం మాత్రం మానకండి. తుపాను వచ్చి 33 శాతానికి మించి పంట పోయినప్పుడు పెట్టుబడి రాయితీకి చూసేది ఈ-పంట వివరాలనే. ధాన్యం అమ్మే రోజునా దానితోనే పని. నమోదు చేసేటప్పుడు చేను దగ్గర మీరు ఉండి, ఫొటోలో ఉన్నది మీ చేనేనా, పంట పేరు సరిగా ఉందా చూసుకోండి.

తెలంగాణ రైతులు అడుగుతున్నారు కాబట్టి

సరిహద్దు మండలాల్లో రెండు రాష్ట్రాల్లోనూ భూమి ఉన్నవారు ఫోన్లు చేస్తుంటారు. తెలంగాణలో పద్ధతి వేరు. అక్కడ కుటుంబానికి ఇంత అని కాకుండా ఎకరానికి ఇంత అని లెక్క. 2018లో రైతుబంధు పేరుతో ఎకరానికి పంటకు 4,000తో మొదలై, తరువాత 5,000 అయింది. 2025 జనవరి 26 నుంచి రైతు భరోసా పేరుతో ఎకరానికి పంటకు 6,000, సాగుకు పనికొచ్చే భూమికే. పట్టాదారు పాస్‌బుక్ ఆధారం. బ్యాంకు వివరాలు మార్చుకోవాలన్నా, కొత్తగా ఇవ్వాలన్నా మీ క్లస్టరు వ్యవసాయ విస్తరణాధికారిని కలవాలి. పీఎం కిసాన్ మాత్రం రెండుచోట్లా ఒకటే, ఒక కుటుంబానికి ఒక్కసారే.

ఫోనుకు వచ్చే లింకుల జోలికి పోవద్దు

విడత దగ్గర పడుతుందనగానే వాట్సాప్ గ్రూపుల్లో "పీఎం కిసాన్" పేరుతో ఏపీకే ఫైళ్లు తిరుగుతాయి. నొక్కితే ఫోను వాళ్ల చేతికి పోతుంది, ఖాతాలో పంట అమ్మిన డబ్బు ఉంటే అదీ పోతుంది. పీఎం కిసాన్ యాప్ ప్లే స్టోర్ నుంచే దించుకోవాలి. విడత వేయించడానికి ఓటీపీ చెప్పమని ఏ అధికారీ ఫోన్ చేయడు. పొరపాటున నొక్కి డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. గంటలు గడిచేకొద్దీ వెనక్కి వచ్చే అవకాశం తగ్గిపోతుంది. అలాగే "500 ఇస్తే పాత విడతలన్నీ వేయిస్తా" అనే మధ్యవర్తుల్ని నమ్మకండి, వాళ్లూ ఇదే స్టేటస్ పేజీ చూసి చెబుతారు.

ఈ-కేవైసీ, ల్యాండ్ సీడింగ్, బ్యాంకు కారణాలతో ఆగిన విడతలు లోపం సరిచేసుకున్నాక వస్తాయి, కాబట్టి పాతవి పోయినట్టేనని వదిలేయకండి. వెంటనే పడవు, తరువాతి విడతతో పాటు చూసుకోవాలి.

రైతు సేవా కేంద్రానికి వచ్చేటప్పుడు ఆధార్ కార్డు, ఆధార్‌కు ఇచ్చిన నంబరున్న ఫోను, ఎంట్రీ వేయించిన పాస్‌బుక్, 1బీ ప్రింటు తెచ్చుకోండి. విడత పడిన వారంలో రద్దీ ఎక్కువ, ఆ తరువాత వారం వస్తే కూర్చోబెట్టి చూడటానికి వీలవుతుంది. గ్రామ వ్యవసాయ సహాయకులు ఈ-పంట నమోదు రోజుల్లో పొలాల మీదే ఉంటారు, ముందు ఫోన్ చేసి రండి. పీఎం కిసాన్ గురించి 155261 నంబరుకు, అన్నదాత సుఖీభవ గురించి 155251 నంబరుకు ఫోన్ చేసి అడగవచ్చు. చేసేటప్పుడు రిజిస్ట్రేషన్ నంబరు దగ్గర పెట్టుకోండి, వాళ్లు మొదట అడిగేది అదే.